ఎసట్లో ఇంకో గుప్పెడు

విదేశంలో ఒక సెమిస్టర్ చదవాలని, అక్కడి కుటుంబంతో కలిసి బతకాలని అనుకునే పిల్లలకు ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లు చెప్పే సంగతులు

ఖరగ్‌పూర్‌లో రెండు ఊళ్ళున్నాయి. ఒకటి, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో పుట్టి ఇప్పుడు 2,100 ఎకరాల్లో విస్తరించిన ఐఐటీ. రెండోది, అంతకు అర్ధశతాబ్దం ముందే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్) కట్టుకున్న ఊరు. వర్క్‌షాపు, గోల్ బజారు, నింపురా, మథురాకాటి, వరసలు వరసలుగా క్వార్టర్లు, వాటి పక్కనే సొంతిళ్ళ మలంచ. మొదటి ఊళ్ళో తెలుగు పిల్లలు నాలుగైదేళ్ళుండి వెళ్ళిపోతారు. రెండో ఊళ్ళో తెలుగు కుటుంబాలు నాలుగైదు తరాలుగా ఉన్నాయి. ఆటో ఎక్కితే ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎంతోసేపు పట్టదు. అయినా ఈ ఊరివాళ్ళు ఆ ఊరికి పోవడం తక్కువ.

ఐఐటీలో ఏటా కొంతమంది పిల్లలు ఒక సెమిస్టర్ విదేశంలో చదవడానికి అర్జీలు పెట్టుకుంటారు. ఎంటెక్ వాళ్ళకు జర్మనీ విశ్వవిద్యాలయాల ఉమ్మడి సంస్థ డాడ్ ఇచ్చే స్కాలర్‌షిప్పు ఉంది. థీసిస్ పనిలో కొన్ని నెలలు అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో గడిపి, తిరిగొచ్చి ఇక్కడ పట్టా తీసుకుంటారు. ఇలాంటి కబురు ఇంటికి చేరగానే శ్రీకాకుళంలోనైనా సికింద్రాబాద్‌లోనైనా అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలు ఒకటే. ఫీజెంత? క్రెడిట్లు ఇక్కడ లెక్కలోకి వస్తాయా? వీసా ఎన్నాళ్ళకొస్తుంది? చలికి తట్టుకుంటావా? అన్నీ అడగాల్సినవే. ఎవరింట్లో ఉంటావు, రాత్రి ఎవరితో కూర్చుని తింటావు అని మాత్రం చాలామంది అడగరు. హాస్టలో, అద్దె గదో ఉంటుందిలే అనుకుంటారు. నా మటుకు నాకు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అదే. దానికి జవాబు వెతుక్కోవాలంటే ఐఐటీ గేటు దాటి రెండో ఊళ్ళోకి రావాలి.

యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు

చదువు కోసం పరాయి దేశానికి పోవడం పాత సంగతే. సొంత కాలేజీలో పేరు ఉంచుకుని, కొంతకాలం వేరే దేశంలో చదివి, ఆ మార్కులు ఇక్కడ కలుపుకునే పద్ధతికి మాత్రం వందేళ్ళ పైచిలుకే వయసు. 1923 జులైలో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం నుంచి ఎనిమిది మంది విద్యార్థులు ఓడెక్కి ఫ్రాన్స్ వెళ్ళారు. వెంటబెట్టుకుని వెళ్ళింది రేమండ్ కర్క్‌బ్రైడ్ అనే భాషల ప్రొఫెసరు. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చిన మనిషి. ముందు కొన్ని వారాలు నాన్సీ పట్నంలో ఉండి భాష దిద్దుకున్నారు, తర్వాత పారిస్ వెళ్ళి సోర్బాన్‌లో చదివారు. ఉన్నది మాత్రం ఫ్రెంచి కుటుంబాల ఇళ్ళలో. పగలు తరగతిలో విన్న ఫ్రెంచిని రాత్రి భోజనాల బల్ల దగ్గర మాట్లాడక తప్పని ఏర్పాటు అది.

తర్వాత 1932లో ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇంటర్నేషనల్ లివింగ్ అనే సంస్థ పుట్టింది. విదేశీ కుటుంబంతో కలిసి ఉండటాన్నే చదువుగా చూసిన తొలి సంస్థల్లో అదొకటి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఏఎఫ్ఎస్ ఆ పనిలోకి దిగింది. రెండు యుద్ధాల్లోనూ గాయపడినవాళ్ళను అంబులెన్సుల్లో మోసిన స్వచ్ఛంద డ్రైవర్ల సంస్థ అది. ఆ డ్రైవర్లే కూడబలుక్కుని హైస్కూలు పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపడం మొదలుపెట్టారు. మొదటి జట్టులో పది దేశాల నుంచి 52 మంది పిల్లలు.

ఈ చరిత్రలో నన్ను కట్టిపడేసింది ఒకటే. వీళ్ళలో ఎక్కువమంది యుద్ధం చూసొచ్చినవాళ్ళు. మనిషిని మనిషి చంపడం దగ్గరగా చూశాక వాళ్ళకు తోచిన మందు, పిల్లల్ని ఒకరింటికి ఒకర్ని పంపడం. సభలు, ఒప్పందాలు ఉండనే ఉన్నాయి. ఒక ఇంటి తల్లి చేతి ముద్ద తిన్న పిల్లవాడు ఆ దేశాన్ని శత్రువుగా చూడలేడని వాళ్ళు నమ్మారు. యూరప్‌లో 1987లో ఎరాస్మస్ పథకం మొదలైనప్పుడు తొలి ఏడాది వెళ్ళింది 3,244 మంది. ఇప్పుడు లక్షల్లో వెళ్తున్నారు. ఆ లక్షల్లో చాలామంది ఉండేది హాస్టళ్ళలోనే. సంఖ్య పెరిగింది, ఇల్లు జారిపోయింది. అది లోటేనని నేననుకుంటాను.

ఇంట్లో ఉంచుకునే పద్ధతి గట్టిగా మిగిలింది హైస్కూలు పిల్లల కార్యక్రమాల్లో. అమెరికా విదేశాంగ శాఖ డబ్బుతో 2002లో మొదలైన కెనెడీ లూగర్ యెస్ పథకం అలాంటిదే. మన దేశంలో దాన్ని నడిపేది ఏఎఫ్ఎస్ వాళ్ళే. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు దానికి ఎంపికై, ఒక విద్యా సంవత్సరం అమెరికా హైస్కూల్లో చదివి, అక్కడి కుటుంబంతో ఉండి వచ్చారు. కూలి పనులు చేసుకునే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు కూడా అలా ఇంకో ఖండంలో ఒక అమ్మను, ఒక నాన్నను, ఒక చెల్లినో తమ్ముణ్ణో సంపాదించుకున్నారు.

ఆ కుటుంబాలకు దమ్మిడీ ముట్టదు. హైస్కూలు పిల్లల్ని పెట్టుకునే అమెరికన్ కుటుంబానికి డబ్బు ఇవ్వకూడదని అక్కడి నిబంధన. ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతివాళ్ళ మీదా పోలీసు రికార్డు చూస్తారు. పిల్లకు వేరే మంచం ఉండాలి. 120 మైళ్ళలోపు ఒక స్థానిక సమన్వయకర్త ఉండాలి, నెలకోసారి పిల్లతోనూ ఆ ఇంటివాళ్ళతోనూ మాట్లాడాలి. ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఒక పసి మనసును పరాయి గడపలో వదలడం చిన్న విషయం కాదని వాళ్ళకు అనుభవం నేర్పింది.

అర్జీ లేని ఆతిథ్యం

ఇప్పుడు రెండో ఊరికి వద్దాం.

1893 నుంచి 1896 దాకా తూర్పు తీరం వెంబడి రైలు పట్టాలు పడ్డాయి. 1900లో రూప్‌నారాయణ్ నది మీద కోలాఘాట్ వంతెన పూర్తయి ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు దారి దొరికింది. 1902లో ఆ తూర్పు తీరం లైను ఉత్తర భాగం బీఎన్ఆర్ చేతికొచ్చింది. అంతే, వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ దాకా ఒకే కంపెనీ. ఉత్తరాంధ్ర పల్లెల్లో వాన పడని ఏడు పొట్ట చేతబట్టుకున్నవాళ్ళలో కొందరు ఓడెక్కి రంగం (రంగూన్) పోయారు, కొందరు రైలెక్కి కరగ్‌పూర్ పోయారు. రంగం పోయినవాళ్ళను రెండో ప్రపంచ యుద్ధం తరిమేసింది. కరగ్‌పూర్ పోయినవాళ్ళు నిలబడ్డారు. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడ్డాక కూడా వాల్తేరు, ఖరగ్‌పూర్ డివిజన్లు ఒకే గొడుగు కింద ఉండిపోయాయి. 2003లో వాల్తేరు ఈస్ట్ కోస్ట్ రైల్వేకి మారేదాకా పలాసలో ఉద్యోగి బదిలీ మీద ఖరగ్‌పూర్ రావడం, ఖరగ్‌పూర్ కుర్రాడు విశాఖలో పోస్టింగు వేయించుకోవడం మామూలే.

వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరిన కుర్రాడు ఎక్కడుండాలి? ఊరివాళ్ళ క్వార్టర్లో. మావయ్యో, పెదనాన్నో, వాళ్ళెవరూ లేకపోతే పక్క ఊరి మనిషో. ఒక ఉత్తరం ముక్క రాసి పంపేవారు, ఒక్కోసారి అదీ లేదు. చేతిలో గుడ్డ సంచి, సంచిలో బెల్లం, ఎండు నెత్తళ్ళు, ఇంటి ఆవకాయ. స్టేషన్లో దిగి, ఫలానా టైపు క్వార్టరు ఎటు అని తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పేవాళ్ళు దొరికేవారు. ఆ వచ్చినవాడు ఆ ఇంట్లో ఆరు నెలలుండేవాడు, ఏడాది ఉండేవాడు. ఉద్యోగం ఖాయమై సొంత క్వార్టరు వచ్చాక తన ఇంట్లో ఇంకొకణ్ణి పెట్టుకునేవాడు.

మథురాకాటిలో మా పిన్నిగారి క్వార్టర్లో నేనూ చిన్నప్పుడు సెలవులకు ఉన్నాను. ముందు వరండా, ఒక గది, వెనక వంటిల్లు, ఆ వెనక చిన్న పెరడు. వరండాకు వెదురు తడక కట్టి దాన్ని రెండో గది చేశారు. అందులో మా వూరి కుర్రాడొకడు ఉండేవాడు, అప్రెంటిస్. వాడి మంచం కింద ఇనుప ట్రంకు పెట్టె, పెట్టె మీద వార్తాపత్రిక పరిచి దువ్వెన, అద్దం, సబ్బు డబ్బా. తెల్లారగట్ల వర్క్‌షాపు కూత మోగేలోపు వాడికి పిన్ని క్యారియరు సర్దేది. కింది గిన్నెలో అన్నం, పై గిన్నెలో పులుసు, మూత మీద చిన్న కాగితంలో ఉప్పు. మా బాబాయి క్యారియరూ వాడి క్యారియరూ ఒక్కలాగే ఉండేవి. ఏది ఎవరిదో తెలియడానికి వాడి దానికి ఎర్ర దారం కట్టేది. మొదటి నెల జీతంలో వాడు పిన్ని చేతికి డబ్బు ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు. "నీకోసం ఏటి, ఎసట్లో ఇంకో గుప్పెడు వేస్తన్నాను, అంతేగదా బావు, దానికి డబ్బులేటి?" అంది. తర్వాత వాడు గోల్ బజారు నుంచి కూరగాయలు తేవడం తన వంతు చేసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు.

ఆ ఇంటి ఎదురుగా బెంగాలీలు, పక్కన ఒడియావాళ్ళు, వెనక బిహారు నుంచి వచ్చినవాళ్ళు. 2011 జనాభా లెక్కల్లో రెండు లక్షలు దాటిన ఈ మున్సిపాలిటీని మినీ ఇండియా అనడం అందుకే. ఊరి నుంచి వచ్చిన కుర్రాడు తెలుగింట్లో ఉంటూనే నెల తిరక్కుండా కరగ్‌పూర్ హిందీ పట్టేసేవాడు. కొళాయి దగ్గర బెంగాలీ నేర్చుకునేవాడు. ఆవనూనె వాసనకు మొదట ముక్కు మూసుకున్నవాడే దుర్గాపూజ నాటికి పక్కింటి ఖిచుడీ కోసం కాచుకుని కూర్చునేవాడు. తెలుగువాళ్ళ మాతా పూజ వచ్చిందంటే బెంగాలీ పిల్లలు ఊరేగింపులో ముందుండేవారు. ఇవన్నీ ఏ పథకంలోనూ రాయలేదు. ఏ సమన్వయకర్తా నెలనెలా వచ్చి అడగలేదు. డెలావేర్ ప్రొఫెసరు ఫ్రాన్స్‌లో కష్టపడి ఏర్పాటు చేసింది ఇక్కడ అవసరం కొద్దీ జరిగిపోయింది.

ఆ ఇళ్ళన్నీ స్వర్గమని నేననను. ఇరుకు ఉండేది, మాటామాటా పెరగడం ఉండేది. పెట్టుకున్న కుర్రాణ్ణి పనివాడిలా చూసిన ఇళ్ళూ ఉన్నాయి. కులం చూసి గడప బయటే మంచం వేసిన ఇళ్ళూ ఉన్నాయి. అమెరికా నిబంధనల్లో ఆ మంచం, ఆ నెలవారీ పలకరింపు ఎందుకు రాశారో ఇలాంటివి తెలిసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. చుట్టాలింటికి వచ్చింది కుర్రాళ్ళే, అమ్మాయిలు కాదు. ఆడపిల్ల ఒంటరిగా చదువుకోసం పరాయి ఇంట్లో ఉండటం ఆ తరానికి ఊహలో లేదు. ఈ తరానికి అది అందుబాటులోకి రావడం నాకు నిజంగా సంతోషం.

డబ్లిన్ నుంచి ఖరగ్‌పూర్ దాకా

పరాయి దేశంలో చదివిన చదువు ఖరగ్‌పూర్‌ను ఎలా తాకిందో చెప్పాలంటే వరాహగిరి వేంకటగిరి కథ చెప్పాలి. బరంపురంలో 1894లో పుట్టిన ఆయన 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండ్ వెళ్ళాడు. యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లోనూ కింగ్స్ ఇన్స్‌లోనూ చేరాడు. చేరిన ఏడే ఆ నగరంలో యజమానులు వేలాది మంది కార్మికులను గేటు బయట నిలబెట్టారు. చరిత్రలో డబ్లిన్ లాకౌట్ అంటారు దాన్ని, 1914 ఆరంభం దాకా సాగింది. ఆ కార్మికుల పక్షాన నిలిచిన జేమ్స్ కానలీ ప్రభావం గిరి మీద పడింది. 1916లో ఐర్లండ్ తిరుగుబాటు తర్వాత కానలీని కాల్చి చంపారు, గిరిని దేశం విడిచి పొమ్మన్నారు.

లా పుస్తకాలు మద్రాసులోనూ దొరికేవి. ఆకలితో ఉన్న కార్మికుడి ఇంటి వీధిలో నడిచే అవకాశం దొరికింది డబ్లిన్‌లోనే. తిరిగొచ్చాక ఆయన బీఎన్ఆర్ కార్మికుల సంఘాన్ని నిలబెట్టాడు. 1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు సమ్మెలోకి దిగింది. ఉద్యోగాల కోత మీద గొడవ ముదిరి అదే ఏడు సెప్టెంబరులో లాకౌట్ పడింది. గేటు బయట నిలబడ్డవాళ్ళలో తెలుగువాళ్ళు బోలెడు మంది. పద్నాలుగేళ్ళ కిందట డబ్లిన్‌లో గేట్లు మూసిన దృశ్యాన్ని చూసిన మనిషి ఇప్పుడు ఇక్కడ వాళ్ళ మధ్య ఉన్నాడు. 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యాడు, అది అందరికీ తెలిసిందే. ఖరగ్‌పూర్ పాతతరం ఆయన్ను తలుచుకునేది ఈ గేటు దగ్గరి మనిషిగానే.

విదేశీ చదువు గురించి మాట్లాడేటప్పుడు మనం ప్యాకేజీలు లెక్కేస్తాం. గిరి మూడేళ్ళు ఐర్లండ్‌లో చదివిన దానికి వచ్చిన ఫలితాన్ని ఏ లెక్కలో వేద్దాం?

రెండు ముక్కల రొట్టె

గాంధీజీ 1888లో లండన్‌లో దిగి మొదట హోటల్లో ఉన్నారు. అప్పుడు చూడటానికి వచ్చిన డాక్టర్ ప్రాణ్‌జీవన్ మెహతా, ఈ దేశానికి వచ్చింది చదువు కంటే ఇక్కడి జీవితం తెలుసుకోవడానికని, అందుకు ఒక కుటుంబంతో ఉండాలని సలహా ఇచ్చారు. ఆత్మకథలో ఆ సంగతి ఉంది. కొన్నాళ్ళకు వెస్ట్ కెన్సింగ్టన్‌లో ఒక వితంతువు ఇంట్లో చేరారు గాంధీ. మాంసం ముట్టననే పిల్లవాడికి ఆ ఇంటి తిండి చప్పగా ఉండేది. పెట్టినదానికంటే ఎక్కువ అడగడానికి సిగ్గుపడి ఆకలితో లేచిపోయేవారు. ఆ ఇంటావిడ కూతుళ్ళిద్దరు రొట్టె ఒకటో రెండో ముక్కలు కొసరి వడ్డించేవారు.

పరాయింట్లో ఉన్న ప్రతి తెలుగు పిల్లకూ ఈ రొట్టె ముక్క సంగతి చెప్పకుండానే తెలుస్తుంది. మన పెంపకంలో అడగడం అంటే ఆశపడటం. వద్దండీ, చాలండీ అనడం మర్యాద. ఇంకోసారి బలవంతం చేస్తారని మన ధీమా. అమెరికాలోనో ఐరోపాలోనో ఒకసారి వద్దంటే వద్దనే అర్థం, గిన్నె పక్కకు పోతుంది. వాళ్ళకు ప్రేమ లేక కాదు, నీ మాటకు విలువిచ్చి. అందుకని మొదటి వారంలోనే ఆకలిని మాటల్లో చెప్పడం నేర్చుకోవాలి. సాయంత్రం ఆరింటికే రాత్రి భోజనం పెడితే, తొమ్మిదింటికి మళ్ళీ ఆకలేస్తుందని చెప్పి ఏం తినొచ్చో అడగాలి. అడిగితే ఫ్రిజ్‌లో ఒక అర నీకు కేటాయిస్తారు.

గది తలుపు సంగతి ఇంకోటి. మన ఇంట్లో తలుపేసుకుంటే అలిగినట్టు. అక్కడ తలుపు తీసి ఉంచితే లోపలికి రావచ్చని, వేస్తే నీకు ఏకాంతం కావాలని. దిగులేసి రోజంతా తలుపు మూసుకుని ఫోన్లో అమ్మతో మాట్లాడుతూ కూర్చుంటే ఆ ఇంటివాళ్ళు తలుపు కొట్టరు. వాళ్ళు గౌరవం అనుకుంటారు, పిల్ల నిర్లక్ష్యం అనుకుంటుంది. ఇలాంటి చోట చాలా బంధాలు పాడవుతాయి. మా పిన్ని ఇంట్లో ఎర్ర దారం క్యారియరు కుర్రాడు కూరగాయల సంచి పట్టుకున్నట్టు, ఏదో ఒక ఇంటిపని మీద చెయ్యి వేయడం ఒక్కటే నాకు తెలిసిన మంచి మార్గం. గిన్నెలు కడిగే యంత్రంలో పళ్ళేలు సర్దడం, కుక్కను నడకకు తీసుకెళ్ళడం, ఆదివారం పులిహోర చేయడం. పనిలో చెయ్యి కలిస్తే మాట దానంతటదే వస్తుంది.

జర్మనీ వెళ్ళే ఎంటెక్ పిల్లలకు ఇలా కుటుంబంతో ఉండే ఏర్పాటు చేతికందదు. అక్కడ విద్యార్థి సంక్షేమ సంస్థల హాస్టళ్ళున్నాయి, గది దొరకడమే గగనం. కానీ అలాంటి హాస్టల్లో నలుగురు తెలుగువాళ్ళు కలిసి ఒకే వంటిల్లు పట్టుకుని, సాంబారు వండుకుని, ఆర్నెల్లు గడిపి తిరిగొస్తే ఏం లాభం? థీసిస్ పూర్తవుతుంది, నిజమే. ఆదివారం దుకాణాలన్నీ ఎందుకు మూసేస్తారో, ఆ రోజు జర్మన్ ఇంట్లో ఏం చేస్తారో తెలియకుండానే విమానం ఎక్కుతారు. వారానికొక్క పూటైనా ఒక ఇంట్లో భోజనం చేసే ఏర్పాటు వెతుక్కోమని నేను గట్టిగా చెప్తాను. చాలా విశ్వవిద్యాలయాల్లో విదేశీ విద్యార్థులకు స్థానికులతో జత కుదిర్చే కార్యక్రమాలుంటాయి. వెళ్ళిన మొదటి వారమే ఆ ఆఫీసు తలుపు తట్టాలి. మూడో నెలలో తట్టేసరికి ఇంటికి రావడానికి టికెట్లు కొనుక్కునే సమయమవుతుంది.

మన ఊరికి వచ్చే పిల్లలు

ఇంతసేపూ వెళ్ళేవాళ్ళ గురించే మాట్లాడాం. వచ్చేవాళ్ళ మాటేమిటి?

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1990ల చివర్లో మొదలైన స్టడీ ఇన్ ఇండియా కార్యక్రమం కింద అమెరికా నుంచీ ఇతర దేశాల నుంచీ పిల్లలు సెమిస్టర్ చదువుకు వచ్చారు. తెలుగు నేర్చుకున్నవాళ్ళున్నారు. వాళ్ళలో కొందరిని నగరంలోని కుటుంబాలు ఇంట్లో పెట్టుకున్నాయి. అంతకు చాలా ముందు, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వారు భారతదేశంలో ఏడాది చదువుకు పంపిన పిల్లలకు వారణాసి, మదురైలతో పాటు తెలుగు నేల కూడా ఒక మజిలీ. అలా వచ్చిన పిల్లల్లో కొందరు తర్వాత జీవితమంతా ఈ దేశపు భాషల మీదే పనిచేశారు.

ఖరగ్‌పూర్ ఐఐటీకి కూడా విదేశీ విద్యార్థులు వస్తారు. క్యాంపస్‌లో ఉంటారు. దీపావళికి హాళ్ళన్నీ దీపాలతో వెలిగిపోతుంటే ఫొటోలు తీసుకుంటారు. కోల్‌కతా, శాంతినికేతన్ చూసి వెళ్తారు. పక్కనే ఒక ఊరుందని, అక్కడ ఒకే వీధిలో నాలుగు భాషల ఇళ్ళున్నాయని, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరు మోసిన 1,072 మీటర్ల ప్లాట్‌ఫాం మీద వందేళ్ళుగా దిగుతూ వచ్చిన జనం ఆ ఊళ్ళో ఉన్నారని వాళ్ళకు చెప్పేవాళ్ళు తక్కువ. విదేశీ పిల్లల దాకా ఎందుకు? ఐఐటీలో చదివే మన తెలుగు పిల్లలకే మలంచ దారి సరిగా తెలియదు. ఇడ్లీ తినాలనిపిస్తే ఫోన్లో ఆర్డరు పెట్టుకుంటారు.

ఈ కథనం రాయడానికి అసలు కారణం ఇది. విదేశీ విద్యార్థికి భారతీయ కుటుంబ జీవితాన్ని చూపించడానికి ఖరగ్‌పూర్ రైల్వే ఊరిని మించిన చోటు నాకు తోచడం లేదు. ఒక సెమిస్టర్ అక్కడ తెలుగింట్లో ఉన్న పిల్ల పొద్దున అట్టు, చట్నీ తిని, బెంగాలీ పక్కింటివాళ్ళతో పూజ పందిరికి వెళ్ళి, హిందీలో కూరగాయలు బేరం చేసి వస్తుంది. మనకిది మామూలు రోజు. ఆ పిల్లకు మూడు కోర్సుల విలువ. ఇంటివాళ్ళకూ లాభమే. రిటైరైన దంపతులు, పిల్లలు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉండగా ఖాళీ పడిన గదులు. ఆ గదుల్లో మళ్ళీ ఒక ట్రంకు పెట్టె కనపడాలని కోరుకునేవాళ్ళు అక్కడ లేకపోరు.

అడ్డంకులు లేవని కాదు. రైల్వే క్వార్టర్లో బయటివాళ్ళను అద్దెకు పెట్టుకోవడం నిబంధనలకు విరుద్ధం. కాబట్టి ఇది మలంచ, ఝపేటాపూర్ లాంటి చోట్ల సొంతిళ్ళు కట్టుకున్నవాళ్ళే చేయాలి. విదేశీయుణ్ణి ఇంట్లో ఉంచుకుంటే 24 గంటల్లోపు ఆ వివరాలు నింపి విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారికి పంపాలి. ఇప్పుడది ఆన్‌లైన్‌లోనే అవుతుంది, భయపడాల్సిందేమీ లేదు. ఇంటికి వెళ్ళి చూసి, కుటుంబంతో మాట్లాడి, నెలకోసారి పలకరించే మనిషి కావాలి. అది విశ్వవిద్యాలయం చేయాల్సిన పని, దాన్ని అక్కడి తెలుగు సంఘం నెత్తిన పెట్టడం న్యాయం కాదు. అమ్మాయిలను పంపేటప్పుడు తలుపు గడియ దగ్గర్నుంచి రాత్రి ఆటో దాకా అన్నీ ముందే చూసుకోవాలి. ఇంటివాళ్ళకు ఖర్చులకు ఎంతో కొంత ఇవ్వాలి. కాలేజీ విద్యార్థుల విషయంలో అలా ఇవ్వడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతే. పిన్ని కాలం వేరు. ఇప్పుడు ఉచితంగా చేయమనడం ఆ ఇంటి ఆడవాళ్ళ చాకిరీని లెక్కలోంచి తీసేయడమే అవుతుంది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. దాని వెనక ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ ఎన్నో ఏళ్ళ ప్రయత్నం ఉంది. హోదా వచ్చింది గానీ, అక్కడి ఇప్పటి పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఇంట్లోకి ఒక జపాన్ పిల్లో జర్మనీ పిల్లో వచ్చి, ఈ అక్షరం ఎలా రాస్తారని అడిగితే ఆ ఇంటి మనవడు ఏం చేస్తాడు? తాతయ్య దగ్గరికి వెళ్ళి తనూ నేర్చుకొస్తాడు.

ఐఐటీలో స్ప్రింగ్ సెమిస్టర్ జనవరిలో మొదలవుతుంది. నాలుగిళ్ళు, నలుగురు విద్యార్థులు, క్యాంపస్ నుంచి ఒక ప్రొఫెసరు, మలంచ నుంచి ఒక పెద్దమనిషి. డెలావేర్ నుంచి బయల్దేరింది ఎనిమిది మందే. ఇక్కడ నలుగురితో మొదలుపెట్టవచ్చు. ఐఐటీ విదేశీ వ్యవహారాల విభాగం వాళ్ళు ఒక ఆదివారం గోల్ బజారు దాకా వచ్చి, తెలుగు సంఘం పెద్దలతో కూర్చుని, ఏ ఇంట్లో గది ఖాళీగా ఉందో అడగాలి. జవాబు చెప్పేవాళ్ళు అక్కడ ఉన్నారు.